తొమ్మిదో పేరు

"మళ్లొకపాలి సదువు బిడ్డా" అన్నాడు సత్తయ్య.

ఇది మూడోసారి. గ్రేస్ ఇంకా చెప్పులైనా విప్పలేదు. పొద్దంతా సూర్యాపేటలో ప్రైవేటు బడి పిల్లలతో గొంతు చించుకుని, తిరుమలగిరి దాకా బస్సులో నిలబడి, అక్కడినుంచి ఆటోలో మడమ మోపే జాగా లేకుండా ఊరు చేరింది. అట్లాంటి కోడలికి గ్లాసెడు మంచినీళ్లన్నా ఇవ్వాలని తోచకుండా, ముసలాయన ఆమె చేతిలో ఉన్న కరపత్రాన్నే కళ్లప్పగించి చూస్తున్నాడు. చదవడం రాదు గానీ చూడటం వస్తుంది కదా.

ఆ కాగితం బడికి వచ్చింది. కార్గిల్ యుద్ధం ముగిసి పదేళ్లయిన సందర్భంగా, వచ్చే ఆదివారం, జులై ఇరవై ఆరున, మాజీ సైనికుల సంఘం వాళ్లు సూర్యాపేటలో ఒక రాయి నిలబెడుతున్నారు. ఈ చుట్టుపక్కల మండలాల నుంచి పోయి దేశం కోసం ప్రాణాలిచ్చిన జవాన్ల పేర్లు దాని మీద చెక్కిస్తున్నారు. గ్రేస్ ఈసారి ఒక్కో పేరు కింద వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది. ఎనిమిది పేర్లు. వాటిలో లింగస్వామి లేడు.

"ఎన్కకు తిప్పి సూడు."

"ఎన్క గూడ పేర్లే ఉన్నయ్ మామా. గాని బతికున్నోళ్లయి."

నిజమే. కాగితం వెనక అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి వరసగా నవ్వుతున్నారు, తలా ఒక ఫొటోతో. చనిపోయినవాళ్లకు ఫొటోలు వేయలేదు. జాగా చాలి ఉండదు.

లింగస్వామి సత్తయ్యకు ఒక్కగానొక్క కొడుకు, గ్రేస్ భర్త. రెండువేల రెండులో రెండు దేశాల సైన్యాలు సరిహద్దుకు అటూ ఇటూ పది నెలలు ఎదురెదురుగా నిలబడి, ఒక్క తూటా పేల్చుకోకుండా వెనక్కి తిరిగిన సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తుండదు. యుద్ధం వస్తుందని పొలాల నిండా మందుపాతరలు పాతారు. రాలేదు. పాతినవి తియ్యాలి, రైతులకు వాళ్ల పొలాలు అప్పజెప్పాలి. రాజస్థాన్ ఇసుకలో మోకాళ్ల మీద పాకుతూ అవి తీసిన వాళ్లలో లింగస్వామి ఒకడు. మరుసటి ఏడు మార్చిలో ఒకటి అతని చేతుల్లో పేలింది.

"నేను రేపు కోదాడ పోతున్న" అన్నాడు సత్తయ్య. అధ్యక్షుడు సుబేదార్ సాయిబాబుది కోదాడ అని కాగితంలోనే ఉంది.

"అడిగి పెట్టిచ్చుకునుడు నాకిష్టం లేదు మామా" అంది గ్రేస్. గొంతులో కోపం లేదు, అలసటే. "వాళ్లకు తోచినట్టు రాసుకున్నరు. మనం పోయి కాళ్లు వట్టుకుంటే ఆయనకు ఇజ్జత్ వస్తదా?"

"కాళ్లెవడు వట్టుకుంటడు? అడుగుత. నోరున్నది, అడుగుత."

అత్త సువార్తమ్మ పొయ్యి దగ్గరనుంచే అందుకుంది. "ఎందుకే బిడ్డా ఆయనకు చెప్తవ్. ముప్పై ఏండ్లు బావులు తవ్విన మనిషి. బండ తగిలిందని ఏనాడన్న పక్కకు జరిగిండా? సద్దిగడ్త, పోనీ."

తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరాడు. సూర్యాపేటలో దిగి, కోదాడ బస్సెక్కి, హైవే పక్కన సాయిబాబు టైర్ల దుకాణం పట్టుకునేసరికి పదకొండు దాటింది. టైర్లు మెడదాకా పేర్చిన ఆ దుకాణంలో ఇస్త్రీ చొక్కా, కత్తిరించిన మీసం, నిటారుగా కూర్చున్న తీరు చూసి ఎవర్నీ అడగాల్సిన పని లేకుండానే సుబేదారును పోల్చుకున్నాడు.

"నమస్తే సారూ. సత్తయ్యను. తిరుమలగిరి కాడికెల్లి వచ్చిన."

"రండి రండి పెద్దాయనా, కూర్చోండి. ఇంత ఎండలో అంత దూరం నుంచా? ముందు మజ్జిగ తాగండి, తర్వాత మాట్లాడుకుందాం."

సాయిబాబు మంచివాడు. ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తే మంచిది, లేకపోతే తర్వాత జరిగేదానికి మీరు ఆయన్ని తిట్టుకుంటారు. మజ్జిగ తనే రెండు గ్లాసుల్లో కలిపి, ఉప్పు సరిపోయిందా అని అడిగి మరీ ఇచ్చాడు. సత్తయ్య సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి అందులోని ఫొటోను, మిలిటరీ వాళ్లు పంపిన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. సాయిబాబు ఫొటో చూసి లేచి నిలబడి ఒక్క క్షణం తల వంచాడు. కాగితం పైపైన చూసి మళ్లీ కూర్చున్నాడు.

"సత్తయ్యగారూ, నాకూ బాధగానే ఉందండీ. కానీ మేం అందరం కూర్చుని ఒక రూలు పెట్టుకున్నాం. యుద్ధంలో పోయినవాళ్ల పేర్లే రాయాలని. డెబ్బై ఒకటి, శ్రీలంక, కార్గిల్. మీ అబ్బాయిది డ్యూటీలో జరిగిన ప్రమాదం. రెండువేల మూడులో యుద్ధం లేదు కదండీ."

"లేదు. మరి యుద్ధం లేకుంటనే గవన్ని పాతిన్రా?"

"వస్తుందని పాతామండీ. రాలేదు. అదృష్టం."

"ఎవలికి?"

 సత్తయ్య కుర్చీ అంచుకు జరిగి, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. గట్టిపడిన చేతులు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది.

"సారూ, నేను బావులు తవ్వినోణ్ణి. నాకు మీ రూల్లు ఎరుకలేవు, మా పని చెప్త ఇను. బావిల బండ తగిలితే సమ్మెటతోని బొక్కలు కొడ్తం. మందు కూరుతం, వత్తి పెడ్తం, అంటువెట్టి పైకొస్తం. పైన కూసోని లెక్కవెడ్తం. పది పెడితే పది మోతలు ఇనవడాలె. తొమ్మిదే ఇనవడ్డయనుకో, ఆ పొద్దు ఇగ ఎవ్వడు బావిల కాలు పెట్టడు. పెండ్లాలు సద్ది తెచ్చినా ఎవలికి మెతుకు దిగదు. మల్లనాడు పొద్దుగాల ఒక్కడు దిగుతడు. ఒక్కడే. ఆ పేలనిదాన్ని ఎతికి, తడిపి, పుల్లతోని మెల్లగ గీకి తీస్తడు. వాడు పైకొచ్చినంకనే తట్టలోళ్లు దిగుతరు. ఇప్పుడు చెప్పు, ఆసామి ఎవనికి దండం పెడ్తడు? పది మోతలు మోగిచ్చినోనికా, పేలనిది తీసినోనికా? వాడు తీస్తెనే కద సారూ నీళ్లు."

సాయిబాబు ఆసక్తిగానే విన్నాడు. మిలిటరీలో ఆయనా మందుతో పనిచేసినవాడే. "ఎవరు దిగుతారండీ? వంతులు వేసుకుంటారా?"

"వంతు గాదు. ఎవడు మందు నింపిండో వాడే తియ్యాలె. మా కాడ కట్టు గట్లనే. ఏడ నింపిండు, ఎంత లోతు నింపిండు, వాని చేతికే ఎరుక. తను నింపింది తియ్యనీకి ఇంకొకణ్ణి దింపుడు పాపం సారూ. గసొంటోణ్ణి మల్ల ఎవ్వడు పనికి పిలువడు."

సాయిబాబు చేతిలో మజ్జిగ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది. దాన్ని బల్ల మీద పెట్టేసి కాగితం మళ్లీ తీసుకున్నాడు. ఈసారి పైపైన చూడలేదు. ప్రమాదం జరిగిన ఊరి పేరు, పొలం నంబరు, తారీఖు ఒక్కొక్కటే చదివాడు.

"మార్చిలోనా?"

"ఔ సారూ. ఈస్టరు ముందటి శ్రమల దినాలు నడుస్తున్నయ్. మా ఇంటిది ఉపాసమున్నది."

సాయిబాబు లేచి బయటికి వెళ్లాడు. టైరు విప్పుతున్న పనివాణ్ణి ఏ కారణం లేకుండా కసిరాడు. తిరిగొచ్చాక సత్తయ్య ముఖంలోకి చూడలేదు.

"ఆదివారం మీరిద్దరూ రండి. స్టేజీ మీదకు పిలిచి శాలువా కప్పిస్తాను. పేరు మాత్రం కుదరదండీ. మిర్యాలగూడలో చెక్కడం కూడా అయిపోయింది."

"శాలువెందుకు సారూ. ఇంట్ల గొంగడున్నది" అని సత్తయ్య ఫొటో తీసి కవర్లో పెట్టుకున్నాడు.

ఇంటికి పోయే బస్సు ఎక్కాల్సినవాడు మిర్యాలగూడ బస్సెక్కాడు. అట్లాంటి మొండి మనిషి. చెక్కడం అయిపోయిందంటే ఎంత అయిపోయిందో కళ్లతో చూడందే నమ్మడు. రాతిపనివాడు ఎవరి మాటైనా వింటే సాటి పనివాడి మాటే వింటాడు.

అడుగుతూ పోతే, రైసుమిల్లులు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు. కాటయ్య అనే యాభై ఏళ్ల మనిషి ముక్కుకు గుడ్డ కట్టుకుని రాతి అంచును నున్నగా చేస్తున్నాడు. రెండు మొద్దుల మీద పడుకోబెట్టిన ఆరడుగుల నల్లరాయి. సత్తయ్య ఎవరో ఏమిటో చెప్పుకోకుండానే చెప్పులు విప్పి, రాయి దగ్గరికి పోయి, గోటితో మీటి చెవి పెట్టి విన్నాడు.

"మంచి రాయి. యాడా పగులు లేదు."

కాటయ్య గుడ్డ కిందికి లాగి నవ్వాడు. "పనోనివా తాతా?"

"బావుల పని. నీయంత సోకు పని గాదు."

తర్వాత వచ్చిన సంగతి చెప్పాడు. కాటయ్య మిషను ఆపి మరీ విన్నాడు. సత్తయ్య వరసలు లెక్కపెట్టాడు. ఎనిమిది. ప్రతి అక్షరం గుంటలో వేలు పెట్టి చూశాడు. ఎనిమిదింటికీ కింద, వాటికన్నా పెద్ద అక్షరాలతో ఇంకో వరస ఉంది.

"ఇదెవలిది? అందరికన్న పెద్దగున్నది."

"సుబేదారు సాబుది. రాయి పెట్టిచ్చినాయన."

"బతికున్నోని పేరు గింత లావు రాస్తరా?"

"అందరు గట్లనే రాపిచ్చుకుంటరు తాతా. నేను ఇరవై ఏండ్ల సంది చెక్కుతున్న, పెట్టిచ్చినోని పేరు లేని రాయి ఒక్కటి సూడలే."

సత్తయ్య జానలతో కొలిచాడు. పక్కలకు అంచు పూలు చెక్కి ఉన్నాయి. కింద మూరెడు భూమిలోకి పోతుంది. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల సందు. ఎట్లా తిప్పి కొలిచినా ఇంకో పేరుకు చోటు లేదు. ముసలాయన కొలిచిందే కొలుస్తుంటే కాటయ్యకు మనసు ఉండబట్టలేదు. మూలన ఉన్న ముక్క ఒకటి తీసి దుమ్ము దులిపాడు.

"పేరు చెప్పు. దీనిమీద చెక్కిస్త. ఊకెనే. ఇంటి ముంగట పెట్టుకో."

"నీ కడుపు సల్లగుండ" అన్నాడు సత్తయ్య. "ఇంట్ల మాకు యాదికి రాయెందుకయ్యా. మరిచేది బయటోళ్లు."

చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. కోడలు ఏమీ అడగలేదు, అన్నం పెట్టింది. మామ ఆనపకాయ కూరలో కారం లేదని కూడా అనకుండా తిన్నాడు. పని కాలేదని ఆమెకు అందులోనే తెలిసిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం సత్తయ్య తన చేనులోనే ఉన్నాడు. పత్తి మోకాలెత్తు వచ్చింది. అర ఎకరం చేనుకు ఆ మూల పాత బావి. బోర్లు వచ్చాక అందులో ఎవరూ నీళ్లు తోడటం లేదు, అయినా దాని ఒడ్డున రాళ్లు కదిలితే సత్తయ్యకు నిద్రపట్టదు. కదిలిన రాయి కింద చిన్న రాళ్లు కూరి, మడమతో తొక్కి, మళ్లీ కూరుతున్నాడు. సువార్తమ్మ చేను అవతలి కొసన కలుపు తీస్తోంది.

గట్టు మీద ఎవరో వస్తున్నారు. దగ్గరికొచ్చాక చూస్తే సాయిబాబు. ఇస్త్రీ చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. రెండు బస్సులు, తిరుమలగిరిలో ఊరు అడిగి ఆటో, ఆపైన నడక.

"ఫోన్ చేస్తే సరిపోతుండె సారూ."

"ఫోన్లో చెప్పేది కాదండీ."

బావి ఒడ్డున కూర్చున్నాడు. లోపలికి తొంగిచూశాడు. తర్వాత అడిగాడు: "మొన్న మీరు చెప్పారే, నింపినవాడే తియ్యాలని. వాడు లేడనుకోండి. వెళ్లిపోయాడు. అప్పుడెవరు దిగుతారు?"

"గట్ల పోడు సారూ. తీసినంకనే పోతడు."

"నేను పోయానండీ."

సత్తయ్య చేతిలో రాయి అట్లాగే ఉంది.

"ఆ కాగితంలో ఉన్న పొలం నాకు తెలుసు. ఆ వరస మేమే పాతాం. నేనే దగ్గరుండి పాతించాను. మ్యాపు మీద సంతకం నాది. తియ్యమని ఆర్డరు వచ్చేనాటికి నా సర్వీసు ఇంకో రెండు నెలలే ఉంది. ఉంటానని అడిగితే ఉంచేవాళ్లేమో. నేను అడగలేదు. ఇంటికెప్పుడు పోదామా అనే ఉంది. డిసెంబరులో వచ్చేశాను. మార్చిలో..." అని ఆగిపోయాడు. "ఎవరు పోయారో నాకు తెలియదండీ. మొన్న మీరు కాగితం ఇచ్చేదాకా తెలియదు. ఆ పేరు రాయి మీదుంటే ప్రతి ఏడూ దానిముందు నిలబడి సెల్యూట్ చెయ్యాలి. నావల్ల కాదనుకుని కుదరదన్నాను. రూలు కాదండీ. భయం."

ఎక్కడో ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. సత్తయ్య అడిగిన మొదటి మాట పనివాడి మాట.

"లెక్క సక్కగ రాసిన్వా?"

"రాశానండీ. ఒక్కటి తప్పలేదు. అది ఇసుక నేల. గాలికి దిబ్బలు జరుగుతాయి. పాతినచోట ఉండవు."

"ఎంత లోతు?"

"జానెడు."

"జానెడా?" సత్తయ్య చేతిలో రాయి కింద పడేశాడు. "ఎనిమిది మట్ల లోతు బావిలకు దిగి ఎక్కినోడు సారూ నా కొడుకు. పదహారేండ్లకే దిగిండు. జానెడు లోతుల పోయిండా?"

ఇన్నేళ్లలో ఎవరి ముందూ ఏడవనివాడు, పరాయి మనిషి ముందు నోరు తెరిచి ఏడ్చాడు. ఏడుపు ఆగాక కోపం వచ్చింది. "లే. నా బావి మీదికెల్లి లే" అన్నాడు. సాయిబాబు లేచి నిలబడ్డాడు. పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు అక్కడే ఉన్నాడు.

అరుపు విని సువార్తమ్మ కలుపు వదిలేసి వచ్చింది. చేతినిండా మట్టి. "ఎవరయ్యా? ఏమైంది?"

"కోదాడ సారు. నీకొక మాట చెప్తడంట" అన్నాడు సత్తయ్య, ముఖం పక్కకు తిప్పుకుని. "చెప్పు సారూ. నాకు చెప్పుడు కాదు, ఈమెకు చెప్పు."

సాయిబాబు చెప్పాడు. సత్తయ్యకు చెప్పినదాంట్లో ఒక్క మాట తగ్గించలేదు. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే విన్నది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"నా కొడుకు నీకు ఎరుకనా?"

"లేదమ్మా. ఎప్పుడూ చూడలేదు."

ఆమె తలూపింది. వెనక్కి తిరిగి చేనులోకి పోయి, వదిలేసిన చోటినుంచే కలుపు తీయడం మొదలుపెట్టింది. సాయిబాబు ఆమె వంచిన నడుమునే కాసేపు చూసి, ఇద్దరికీ దండం పెట్టి, వచ్చిన గట్టునే వెళ్లిపోయాడు. పేరు సంగతి ఆయన ఎత్తలేదు, సత్తయ్య అడగలేదు.

శనివారం గ్రేస్‌కూ చెప్పారు. విషయం తెలిశాక గ్రేస్ తలుపు మూసుకుని చాలాసేపు ఉండి, కళ్లు కడుక్కుని వచ్చి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది. ఏదో ఒకటి తిట్టినా బాగుండేది.

సాయంత్రం సువార్తమ్మ బియ్యం ఏరుతుంటే సత్తయ్య పోయి పక్కన కూర్చున్నాడు. చేటలోంచి రాయి ఒకటి తీసి పక్కన వేశాడు.

"నీకొకటి చెప్పలే. పిలగాడు నా యెంబడి పనికొచ్చిన కొత్తల, ఒకనాడు వాడు నింపింది ఒకటి పేలలే. కట్టు ప్రకారం వాడే దిగాలె. తెల్లారంగనే మోకు నడుముకు కట్టుకోని తయారైండు. నేను ఆ మోకు ఇప్పి, వాణ్ణి ఒడ్డు మీద కూసోవెట్టి, నేనే దిగిన. అందరు సూసిన్రు. ఎవడేమన్లే. నా కట్టు నేనే తప్పిన."

"నాకెరుకే" అంది సువార్తమ్మ.

"ఎట్లెరుక?"

"పిలగాడే చెప్పిండు. మా అయ్య నా బదులు దిగిండు అని ఆ పొద్దంత ఊరంత చెప్పుకుంట తిరిగిండు." చేట కింద పెట్టింది.  "వాడు గూడ గట్లనే దిగిండు కదయ్యా. ఎవని బదులో. ఆ పేరు తెల్వని మనిషే నిన్న మన చెల్క దాకా నడుసుకుంట వచ్చిండు."

"రేపు పోదామా మరి?"

 చేట తీసుకుని లోపలికి పోయింది. అంతటితో పోయేది లేదని సత్తయ్య అనుకున్నాడు. ఆదివారం ఆరాధన మానుకుని సువార్తమ్మ ఎక్కడికీ పోయే మనిషి కాదు. కాన్పు అయిన నాలుగో వారం కూడా పిల్లాణ్ణి చంకనేసుకుని చర్చికి పోయిన మనిషి.

ఆదివారం పొద్దున లేచి చూస్తే ఆమె తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, బైబిల్ సంచిలో పెట్టుకుని ఆటోలో ముందుగా కూర్చుని ఉంది. "చర్చి అయ్యగారికి చెప్పొచ్చిన, ఈ వారం రానని. తొందరగ రా, బస్సు పోతది" అంటూ మొగుణ్ణే కసిరింది.

సూర్యాపేటలో షామియానా, మైకు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, దేశభక్తి పాటలు. అన్ని సభల్లాగానే ఇదీ చెప్పిన టైముకు గంటన్నర ఆలస్యంగా మొదలైంది. గుడ్డ కప్పిన రాయి ఒక పక్కన, ఎండలో ఉంది. దాని పక్కన సాయిబాబు, కోటుకు మెడల్స్ పెట్టుకుని, పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు. కుర్చీ ఇస్తే వద్దన్నాడట. ముగ్గురూ వెనక వరసలో కూర్చున్నారు. శాలువా కోసం వచ్చారని ఎవరూ అనుకోకూడదని గ్రేస్ పట్టుదల.

పేర్లు సాయిబాబే చదివాడు. ఒక్కో పేరు చదవగానే ఆ ఇంటివాళ్లు లేచి నిలబడుతున్నారు. ఒక ముసలితల్లి లేవలేకపోతే పక్కవాళ్లు లేపారు. ఎనిమిదోది అయిపోయింది. కార్యదర్శి మైకు కోసం చెయ్యి చాపాడు. సాయిబాబు ఇవ్వలేదు.

"ఇంకొక పేరుంది. లింగస్వామి, తండ్రి సత్తయ్య, తల్లి సువార్తమ్మ."

సత్తయ్య కూర్చునే గ్రేస్ వైపు తిరిగాడు. గ్రేస్ లేచింది. మామ భుజం పట్టుకుని లేపింది. అత్తను కూడా లేపింది.

"ఈయన యుద్ధంలో పోలేదు" అన్నాడు సాయిబాబు. ఆయన గొంతు మైకులో పెద్దగా వినిపిస్తున్నా, మాట మామూలుగానే ఉంది. "యుద్ధం తప్పిపోయాక పోయాడు. మేం పొలాల్లో పాతినవి తీస్తూ పోయాడు. పాతినవాళ్లలో నేనున్నాను. ఆ వరస నాది. నేను ఇంటికొచ్చేశాను, ఆయన నా బదులు తీశాడు. ఇవాళ అక్కడ రైతులు భయం లేకుండా నాగలి కడుతున్నారంటే, మేం పాతినందుకు కాదండీ. ఇలాంటివాళ్లు తీసినందుకు. ఇదే ముందు రాయాల్సిన పేరు. చివర రాసినందుకు క్షమించాలి."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఊరుకున్నారు. కార్యదర్శి గుడ్డ లాగాడు.

గ్రేస్ చూసింది. ఎనిమిది పేర్ల కింద తొమ్మిదోది, ఆయనదే. ఆరేళ్లుగా దరఖాస్తుల మీదా ఫారాల మీదా తన చేత్తోనే రాసిన పేరు.  అడిగి పెట్టించుకోవడం ఇష్టం లేదన్న మనిషి మామ భుజం మీద ముఖం పెట్టి ఏడ్చింది.

సువార్తమ్మ మాత్రం నడుచుకుంటూ రాయి దగ్గరికే పోయింది. ఆమెకు అక్షరాలు రావు. బైబిల్ కూడా కోడలు చదివితేనే వింటుంది. మొదటి పేరు మీద అరచెయ్యి ఆనించింది. పేరు వెంట పేరు తడుముతూ, నడుము వంచుతూ కిందికి వచ్చింది. ఎనిమిదీ నున్నటి రాతి మీద ఉన్నాయి. తొమ్మిదో దగ్గరికి వచ్చేసరికి చెయ్యి లోపలికి దిగింది. ఆ వరస పొడవునా రాయి వేలి మందం లోతుకు పోయి ఉంది. అక్షరాలు ఆ గుంటలో ఉన్నాయి. బంగారు రంగు ఇంకా ఆరలేదు, వేళ్లకు అంటింది.

"ఇదేనా?"

"అదే అత్తమ్మా" అంది, వెనకే వచ్చిన గ్రేస్.

"గిదొక్కటి గింత లోతుగున్నదేంది?"

పక్కనే నిలబడ్డ సాయిబాబు మైకు దూరంగా పట్టుకున్నాడు.

"అక్కడ ముందు నా పేరుండేదమ్మా. చెరిపించాను. నిన్న పొద్దంతా కాటయ్య అరగదీశాడు. అది పోవాలంటే రాయి అంత దిగింది."

సువార్తమ్మ చెయ్యి తియ్యకుండానే తలెత్తి ఆయన్ని చూసింది. కోటు వీపంతా తడిసిపోయి, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, శిక్ష వేస్తారని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, కణతల మీద వెంట్రుకలు నెరిశాయి. 

"పొద్దటి సంది ఎండలనే నిలవడ్డవంట" అంది. "ఇగ జర కూసో బిడ్డా."

సత్తయ్య వెనక వరసలోంచి తన కుర్చీ ఎత్తుకుని వచ్చి, సాయిబాబు వెనకగా వేశాడు.